బఫలో మంచులో 14 మందితో క్రిస్మస్: ఇల్లు సిద్ధం చేసుకునే పద్ధతి

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు ఊరు బఫలోలో డిసెంబరు మంచు ఎలా పడుతుందో ముందు తెలుసుకోవాలి. చుట్టాల రాక, వంట, పడకలు, కార్లు, అన్నీ దాన్ని బట్టే నడుస్తాయి. ఊరు ఈరీ సరస్సుకు తూర్పు కొసన ఉంది. డిసెంబరుకి సరస్సు ఇంకా గడ్డకట్టదు. కెనడా వైపు నుంచి వచ్చే చలిగాలి ఆ నీటి మీదుగా సాగుతూ తేమను పీల్చుకుని, ఒడ్డు దాటగానే మంచుగా కుమ్మరిస్తుంది. అది ఊరంతా సమానంగా పడదు, సన్నటి పట్టీలా పడుతుంది. పట్టీ కింద ఉన్నవాళ్లకు గంటకు 2, 3 అంగుళాలు పడుతుంటే పది మైళ్ల అవతల ఎండ కాస్తుంటుంది. గాలి నైరుతి నుంచి వీస్తే పట్టీ బఫలో మీదికి, ఉత్తరాన మా ఆమ్‌హర్స్ట్ మీదికి వస్తుంది. పడమటికి తిరిగితే దక్షిణాన ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్ మీదికి జరుగుతుంది. అందుకే ఫోన్ వాతావరణ సూచనలో కనిపించే మంచు గుర్తును నమ్ముకోను. అమెరికా వాతావరణ శాఖ అయిన నేషనల్ వెదర్ సర్వీస్ వారి బఫలో కార్యాలయం ఇచ్చే హెచ్చరికలో గాలి దిక్కు ఏమిటో, ఎన్ని గంటలకు మారుతుందో చదువుతాను. న్యూజెర్సీ నుంచి కారులో వచ్చేవాళ్లకు ఎప్పుడు బయల్దేరాలో చెప్పడానికి ఆ రెండు సంగతులూ చాలు.

2022 డిసెంబరు 23న మొదలైన మంచు తుపాను క్రిస్మస్ దాటే వరకూ ఆగలేదు. బఫలో ఉన్న ఈరీ కౌంటీ (మన జిల్లా లాంటిది) అంతటా వాహనాలు తిరగకూడదని ఆంక్ష పెట్టారు, విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. అంబులెన్సులు, ఫైరింజన్లు కూడా కదల్లేని గంటలు వచ్చాయి. కౌంటీలో 40 మందికి పైగా చనిపోయారు. చలికి కార్లలో చిక్కుకుపోయినవాళ్లు, ఇళ్లలో వేడి ఆగిపోయినవాళ్లు, సాయం అందక ప్రాణం పోయినవాళ్లు అందులో ఉన్నారు. దాన్ని బట్టి ఈ ఊళ్లో క్రిస్మస్‌కు చుట్టాలను పిలిచేవాళ్లు పాటించాల్సిన సూత్రం ఒకటే అని నా ఉద్దేశం. 22వ తేదీ చీకటిపడేలోపు అందరూ ఇంట్లో ఉండాలి. 26 దాకా ఎవరూ గడప దాటకపోయినా తిండి, మందులు, వేడి, నీళ్లు సరిపోవాలి. ఇక నేను చెప్పేదంతా ఈ నాలుగు రోజుల లెక్కే.

ముందు పెద్దవాళ్ల ప్రయాణం. హైదరాబాద్ నుంచి వచ్చే అత్తయ్య, మామయ్యల టికెట్టును బఫలో దాకా కలిపి తీసుకోవచ్చు, కానీ శీతాకాలంలో రద్దయ్యేది తరచుగా ఆ చివరి చిన్న విమానమే. అప్పటికి వాళ్లు 20 గంటలకు పైగా దారిలో ఉంటారు. న్యూజెర్సీలోని నువార్క్‌లో దిగాక ఇమిగ్రేషన్ ముగించి, సామాను తీసుకుని, మళ్లీ బెల్టు మీద వేసి, టెర్మినల్ మారి వెళ్లేసరికి ఆ విమానం లేదని తెలిస్తే బాగా నలిగిపోతారు. అందుకే నువార్క్ దాకానే టికెట్టు తీయించి, దగ్గర్లోని ఎడిసన్‌లో బావ వాళ్లింట్లో రెండు మూడు రోజులు ఉంచి, వాతావరణం బాగున్న రోజు చూసి అందరూ ఒకే కారులో పగటిపూట రావడం మేలు. దారి ఆరు, ఆరున్నర గంటలు. పగలు, రాత్రి తారుమారైన నిద్ర కూడా ఈలోగా కొంత సర్దుకుంటుంది.

వాళ్లకు ఫోన్‌లో చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. "అత్తయ్యా, చలికోటు పెద్ద పెట్టెలో పెట్టకండి, చేతి సంచిలో ఉంచుకోండి. మందులు పది రోజులవి మీ దగ్గరే ఉండాలి, చీటీతో సహా." ఇన్సులిన్ అయితే తప్పకుండా చేతి సంచిలోనే. విమానం కింది అరలోనో, పార్కింగ్‌లో ఆగిన కారులోనో అది గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. చూడ్డానికి తేడా తెలియకపోవచ్చు, అదే ప్రమాదం. విజిటర్ ఇన్సూరెన్సు కొనేటప్పుడు ముందు నుంచీ ఉన్న బీపీ, షుగరు గురించి ఏం రాశారో చదవండి. చాలా పాలసీలు పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరినప్పుడే డబ్బిస్తాయి, మామూలు పరీక్షలకు ఇవ్వవు.

పెద్దవాళ్లను బయటి చలి కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంట్లో పొడిగాలి. ఇది చాలామందికి తట్టదు. బయట సున్నా ఫారన్‌హీట్, అంటే మైనస్ 18 సెల్సియస్, ఉన్నప్పుడు గాలిలో తేమ దాదాపు ఉండదు. ఆ గాలిని ఫర్నేస్ (ఇంటిని వెచ్చబెట్టే యంత్రం) 72 ఫారన్‌హీట్‌కు వేడిచేస్తే ఇంట్లో తేమ 15, 20 శాతానికి పడిపోతుంది. గుంటూరు గాలికి అలవాటుపడిన ఒంటికి రెండో రోజుకే పెదవులు పగులుతాయి, మడమలు చీలుతాయి, తెల్లవారుజామున ముక్కు నుంచి రక్తం వస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లకు ఈ ముక్కు రక్తం త్వరగా ఆగదు. తల వెనక్కి వాల్చకూడదు, ముందుకు వంగి ముక్కు మెత్తటి భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోవాలి. అప్పటికీ ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. రాకుండా చూసుకోవాలంటే రాత్రి పడుకునే ముందు ముక్కు అంచుల లోపల కొద్దిగా వాజలైన్ రాయండి, స్నానం చేయగానే ఒళ్లు ఇంకా తడిగా ఉన్నప్పుడే క్రీము పట్టించండి. మనవాళ్లు తెచ్చుకునే కొబ్బరినూనె ఇక్కడ సీసాలోనే గడ్డకడుతుంది, సీసాను వేడినీళ్ల గిన్నెలో పెడితే కరుగుతుంది.

పడకగదికో హ్యూమిడిఫయర్ (గాలిలో తేమ పెంచే యంత్రం) పెట్టుకోవాలి. అందులో రెండు రకాలున్నాయి. అల్ట్రాసోనిక్ రకంలో కుళాయి నీళ్లు పోస్తే నీటిలోని సున్నం తెల్లటి పొడిగా మంచాల మీద పడుతుంది, దానికి డిస్టిల్డ్ వాటరే వాడాలి. తడి ఫిల్టరులోంచి ఫ్యాన్ గాలి వచ్చే రకానికి కుళాయి నీళ్లు చాలు, ఫిల్టరు మాత్రం మార్చుతుండాలి. ఏ రకమైనా రోజూ కడగకపోతే బూజు పడుతుంది. తేమ ఎక్కువైనా తంటానే. బయట 20 ఫారన్‌హీట్ దాటి ఉంటే ఇంట్లో 40 శాతం దాకా, 10 నుంచి 20 మధ్య 35, సున్నా నుంచి 10 మధ్య 30, సున్నా కంటే దిగితే 25 దాటనివ్వకూడదు. దాటితే ఆ తేమ కిటికీ అద్దాల మీద నీరై, అంచుల్లో ఐసై, కరిగి చెక్కను నానబెడుతుంది. 14 మంది ఊపిరి, స్నానాలు, మూడు పూటల వంట కలిస్తే బిర్యానీ రోజున హ్యూమిడిఫయర్ అక్కర్లేకుండానే అద్దాలు చెమరుస్తాయి. పది డాలర్ల తేమ మీటరు ఒకటి కొని హాల్లో పెట్టుకుంటే ఊహతో పనిలేదు.

ఇంకో సంగతి, చెమట పట్టదు కాబట్టి పెద్దవాళ్లు నీళ్లు తాగరు. దానితో మలబద్ధకం, తలతిరుగుడు మొదలవుతాయి. వాళ్ల మంచం పక్కన గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు పెట్టి, మధ్యాహ్నానికల్లా ఖాళీ అయిందో లేదో చూడాలి.

వేడినీళ్ల లెక్క తప్పితే పండగ పొద్దున గొడవలొస్తాయి. ఇళ్లలో ఎక్కువగా ఉండేది 50 గ్యాలన్ల ట్యాంకు. అందులో చల్లబడకుండా వాడుకోగలిగేది 35, 40 గ్యాలన్లే. షవరు నిమిషానికి 2.5 గ్యాలన్ల దాకా పోస్తుంది. పది నిమిషాల స్నానానికి 25 గ్యాలన్లు. వేసవిలో అయితే దానిలో కొంత చల్లనీళ్లు కలుస్తాయి, కానీ డిసెంబరులో కుళాయికి వచ్చేది 40 ఫారన్‌హీట్ నీరు. వెచ్చగా ఉండాలంటే ఐదింట నాలుగు వంతులు ట్యాంకు నీళ్లే కావాలి. అంటే రెండు షవర్లకు ట్యాంకు అయిపోతుంది, గ్యాస్ హీటరుకు మళ్లీ కాచడానికి గంట పడుతుంది. అదే బకెట్టు, మగ్గుతో చేస్తే మనిషికి 20 లీటర్లు, అంటే 5 గ్యాలన్లు. ఒక ట్యాంకుతో ఎనిమిది మంది హాయిగా కానిస్తారు. మన అలవాటు ఇక్కడ చక్కగా పనికొస్తుంది. బకెట్టు టబ్బు లోపలే పెట్టాలి. అమెరికా బాత్రూంలో టబ్బు బయట నేలకు తూము ఉండదు, అక్కడ నీళ్లు పోస్తే కింది గది సీలింగులోకి దిగుతాయి. టబ్బు గోడ ఎత్తుగా ఉంటుంది కాబట్టి అందులో రబ్బరు చాప, ప్లాస్టిక్ స్టూలు, గోడకు గట్టిగా బిగించిన, పట్టుకునే కడ్డీ తప్పనిసరి. నీళ్లు వేడిగా రావాలని ట్యాంకును 120 ఫారన్‌హీట్ పైకి తిప్పకండి, చిన్నపిల్లల చర్మం కాలుతుంది. గిన్నెల మిషను, బట్టల మిషను రాత్రి పదింటి తర్వాతే వేయాలి.

కరెంటుకూ ఇలాంటి లెక్కే ఉంది. పడకగదుల సర్క్యూట్లు 15 ఆంప్‌లవి, గది హీటరు 1500 వాట్లతో 12.5 ఆంప్‌లు లాగుతుంది. అదే లైనులో హెయిర్ డ్రయ్యరు పెట్టారంటే బ్రేకరు పడిపోతుంది. హీటరును గోడ ప్లగ్గుకే నేరుగా పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ తీగ వేడెక్కి అంటుకుంటుంది. వంటింట్లో 20 ఆంప్‌ల సర్క్యూట్లు సాధారణంగా రెండు ఉంటాయి, ఒక్కోటీ 2400 వాట్లు మోస్తుంది. ఇన్‌స్టంట్ పాట్ 1000, కెటిల్ 1500. రెండూ ఒకే గోడకు పెట్టి, కాఫీ తాగే వేళకు అన్నం కూడా పడేస్తే చీకటే. ఏ ప్లగ్గు ఏ బ్రేకరుదో ముందే చూసుకుని టేపు మీద రాసి అంటిస్తే వదినలు, పిన్నులు ఎవరు వంటింట్లోకి వచ్చినా అడక్కుండా పనిచేసుకోగలుగుతారు.

నాలుగు గదుల ఇంట్లో 14 మందిని పడుకోబెట్టాలంటే బేస్‌మెంటు వాడక తప్పదు. గాలి పరుపు లోపలి గాలి నేల చలికి చల్లబడి కింది నుంచి ఒంటి వేడిని లాగేస్తుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పినా వెన్ను వణుకుతుంది. దుప్పటి ఒంటి పైన కప్పేకన్నా పరుపు మీద, ఒంటి కిందికి వచ్చేలా పరచాలి. పరుపు కింద ఫోం షీటు, పరుపు మీద మందపాటి బొంత ఉంటే చాలు. చల్లబడ్డ గాలి కుంచించుకుపోతుంది కాబట్టి పరుపు మెత్తబడితే అది చిల్లు కాకపోవచ్చు, ఇంకొంచెం ఊది చూడండి. బేస్‌మెంటులో ఎవరైనా పడుకుంటే బయటికి పాకగలిగే కిటికీ ఉండి తీరాలి, ఆ కిటికీ గుంటలో మంచు నిండకుండా తవ్వుతూ ఉండాలి. ప్రతి అంతస్తులో, వాసన లేని విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తోందా అని బటను నొక్కి చూడాలి.

ఆ అలారం అవసరం ఎందుకంటే, కొత్త గ్యాస్ ఫర్నేసుల పొగ చాలా ఇళ్లలో పక్కగోడ నుంచి తెల్లటి ప్లాస్టిక్ గొట్టాల ద్వారా పోతుంది. నేలకు అడుగో రెండడుగులో ఎత్తున ఉంటాయి. గాలికి మంచు అక్కడే కుప్పపడితే గొట్టం మూసుకుపోయి ఫర్నేస్ ఆగిపోతుంది. అంతకంటే దారుణం, పొగ ఇంట్లోకే రావొచ్చు. మంచు పడుతున్నంతసేపూ ఆ గొట్టాల చుట్టూ మూడడుగులు ఖాళీగా ఉంచే పని ఒకరి పేరున ఉండాలి. నిజానికి డ్రైవ్‌వే (వీధి నుంచి ఇంటికి కారు వచ్చే దారి) మంచు తీయడం కంటే ముందు చేయాల్సిన పని ఇదే. కరెంటు పోతే గ్యాస్ ఫర్నేస్ కూడా ఆగుతుంది, దాని ఫ్యానుకు కరెంటు కావాలి. అప్పుడు స్టవ్‌ మీది మంట అగ్గిపుల్లతో వెలిగించి వంట చేసుకోవచ్చు, కానీ ఇల్లు వెచ్చబడుతుందని ఓవెన్ తలుపు తెరిచి ఉంచకూడదు. జనరేటరు గరాజ్‌లో పెట్టకూడదు. తలుపు తీసి ఉన్నా సరే. ఇంటికి 20 అడుగుల దూరంలోనే. బయటి గోడ వెంబడి ఉన్న సింకుల కింది అల్మరాలు తెరిచి, కుళాయిలు సన్నధారగా వదిలితే గొట్టాలు గడ్డకట్టవు.

డ్రైవ్‌వే మంచు తీయడం డల్లాస్ నుంచి వచ్చిన తమ్ముళ్లకు సరదాగా ఉంటుంది, చేయనివ్వండి, కానీ పద్ధతి చెప్పి. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవున్న డ్రైవ్‌వే మీద 6 అంగుళాల పొడి మంచు బరువు సుమారు టన్ను. తడి మంచు దానికి రెండు మూడు రెట్లు. అందుకని పడటం ఆగాక ఒకేసారి కాకుండా 3, 4 అంగుళాలకోసారి తీయాలి. పార మీద ఎత్తి విసరడం కాదు, నేల మీద తోసుకుంటూ వెళ్లాలి. చలికి రక్తనాళాలు ముడుచుకుని ఉండగా ఊపిరి బిగపట్టి బరువెత్తితే గుండెపోటు వచ్చే ప్రమాదం ఉంది. బీపీ, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, ఈ చలికి అలవాటు లేని మామయ్యలు పార ముట్టుకోకూడదు. "నేనూ ఓ చెయ్యేస్తా" అంటే "మామయ్యా, మీరు కిటికీలోంచి మాకు దారి చూపండి" అని గౌరవంగానే ఆపాలి.

వీధిలో మంచు తోసే ట్రక్కు వెళ్లినప్పుడల్లా డ్రైవ్‌వే మూతికి అడ్డంగా గట్టి కట్ట పోసి వెళుతుంది. దీన్ని సగానికి తగ్గించే మార్గముంది. వీధి వైపు ముఖం పెట్టి నిలబడితే ట్రక్కు ఎడమ నుంచి వస్తుంది. డ్రైవ్‌వేకు ఎడమ పక్కన, వీధి అంచున, పది అడుగుల పొడవున మంచు తీసి ఖాళీ ఉంచితే ట్రక్కు మోసుకొచ్చింది ఆ గూట్లో పడిపోతుంది. మీరు తీసిన మంచు కుడి వైపునే పోయాలి. మంచును చిమ్మే యంత్రం, స్నో బ్లోవరు, ఉంటే మంచు గడ్డ తగిలినప్పుడు తెగే షియర్ పిన్నులు రెండు మూడు కొని దగ్గర పెట్టుకోండి, పండగ రోజు కొట్టు తీసి ఉండదు. గొట్టంలో మంచు ఇరుక్కుంటే ఇంజను ఆపి, తాళం తీసి, కర్రతోనే తీయాలి. ఇంజను ఆగినా లోపలి రెక్క బిగిసి ఉండి ఇరుకు వదలగానే ఒక్కసారి తిరుగుతుంది, వేళ్లు పోయేది అప్పుడే. మామూలు ఉప్పు 15 ఫారన్‌హీట్ దాకానే ఐసు కరిగిస్తుంది. అంతకంటే చలి ఉంటే కాల్షియం క్లోరైడ్ వేయాలి, లేదా జారకుండా మెట్ల మీద ఇసుక చల్లాలి.

తిండికి వద్దాం. ఫ్రిజ్ చాలనప్పుడు అందరూ గరాజ్ వాడతారు. ఇంటికి ఆనుకున్న గరాజ్ బయటి కంటే 10, 20 డిగ్రీలు వెచ్చగా ఉంటుంది కాబట్టి ఒక రోజు మంచి ఫ్రిజ్, ఇంకో రోజు మరీ వెచ్చన, మరో రోజు ఫ్రీజర్. 40 ఫారన్‌హీట్ దాటితే కూరలు పాడవుతాయి, 32 దిగితే పెరుగు విరిగి నీళ్లూడుతుంది, గుడ్లు పగులుతాయి, సోడా డబ్బాలు పేలతాయి. అక్కడొక థర్మామీటరు వేలాడదీసి, కూరగాయలు, పెరుగు ఐసు వేయని కూలర్ పెట్టెలో పెట్టండి. బయటి చలి వాటిని తొందరగా తాకదు.

అరిసెలు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే గుంటూరులో కుదిరిన కొలతే ఇక్కడ తప్పుతుంది. కిలో బియ్యానికి 700 గ్రాముల బెల్లం. ఇండియన్ స్టోర్‌లో దొరికే సోనామసూరి పాతబియ్యం, కాబట్టి 24 గంటలకు తగ్గకుండా నానాలి, నీళ్లు మూడుసార్లు మార్చాలి. వడగట్టి గుడ్డ మీద పరిచాక మన దగ్గర అరగంట ఆరనిస్తాం, ఇక్కడి పొడిగాలిలో పదిహేను నిమిషాలు చాలు. చేత్తో పిడికిలి బిగిస్తే ముద్ద కట్టే తడి ఉండగానే మిక్సీలో కొంచెం కొంచెంగా పట్టి జల్లించి, పిండిని గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పాలి. వదిలేస్తే పై పొర ఎండి అరిసెలు అంచుల్లో పగులుతాయి. పాకం చూడ్డానికి వాడే నీళ్ల దగ్గర అసలు తిరకాసు ఉంది. కుళాయి నీళ్లు 40 ఫారన్‌హీట్‌లో, బాగా చల్లగా ఉంటాయి కాబట్టి అందులో వేసిన లేత పాకం కూడా చల్లబడి ఉండ కట్టినట్టే చేతికి వస్తుంది. అది చూసి మంట తీసేస్తే పిండి జారుగా వచ్చి అరిసె నూనెలో విచ్చిపోతుంది. గిన్నెలో నీళ్లు పట్టి రెండు గంటలు వంటింట్లో ఉంచి, ఆ నీళ్లలోనే పాకం చూడాలి. మెత్తటి ఉండ కదలకుండా నిలవాలి. అప్పుడు స్టవ్ ఆపి, నెయ్యి, నువ్వులు వేసి పిండి కలుపుతూ పోవాలి. చలికి ముద్ద తొందరగా బిగుస్తుంది, గిన్నెను వేడినీళ్ల పళ్లెంలో పెట్టుకుంటే చివరి అరిసె దాకా మెత్తగా ఉంటుంది. గులాబీ పువ్వులకు అచ్చు సెగలో ఉండాలి, పువ్వుకీ పువ్వుకీ మధ్య బల్ల మీద పెడితే చల్లబడి పిండి వదలదు. నూనెలోనే ఉంచండి.

వాసన ఇంట్లో నిలవకూడదని బయట డెక్ మీద పొయ్యి పెట్టి వేయించేవాళ్లున్నారు. మంచు రాలుతున్నప్పుడు ఆ పని చేయకండి. కాగే నూనెలో మంచు పడితే క్షణంలో ఆవిరై నూనెను పైకి చిమ్ముతుంది. వంటింట్లోనే వేయించి, దూరంగా ఉన్న కిటికీ అంగుళం తెరిచి, బాత్రూం ఫ్యాను కూడా వేస్తే పొగ అలారం మోగదు. చాలా ఇళ్లలో స్టవ్ పైనున్న ఫ్యాను పొగను బయటికి పంపదు, వడగట్టి తిరిగి ఇంట్లోకే వదులుతుంది.

పండగ బిర్యానీకి పదిమంది పెద్దలు, నలుగురు పిల్లలైతే బాస్మతి కిలోన్నర, ఎముకతో కోడి రెండుంబావు కిలోలు. ఇంటి స్టవ్ మంటకు ఒకే పెద్ద గిన్నె అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. మసాలా ముక్కలు ఒక రాత్రి నానబెట్టి, బియ్యం ముప్పాతిక వంతు ఉడికించి, రెండు లోతైన అల్యూమినియం ట్రేలలో పొరలుగా వేసి, ఫాయిల్‌తో అంచులు బిగించి 325 ఫారన్‌హీట్ ఓవెన్‌లో 45 నిమిషాల నుంచి గంట పెడితే దమ్ము సమంగా వస్తుంది. పొరలు వేసే ముందు కోడి కూరను స్టవ్ మీద పది నిమిషాలు వేడెక్కించాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కల మీద అన్నం వేస్తే అన్నం మెత్తబడినా ముక్క ఉడకదు. మేకమాంసం గడ్డకట్టినది తెస్తే ఫ్రిజ్‌లో కరగడానికి రెండు మూడు రోజులు కావాలి, కాబట్టి 22నే కిందికి దించాలి. మిగిలిన అన్నం సింకు కింద తిండి చెత్తను నలిపే డిస్పోజర్‌లో వేయకండి. గొట్టంలో ఉబ్బి జిగురై అడ్డుపడుతుంది, 25న ప్లంబరు దొరకడు.

ఇడ్లీ పిండి పులియాలంటే ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు మాత్రమే వేసి అందులో పెట్టాలి, 12 నుంచి 14 గంటలు పడుతుంది. ఓవెన్ తలుపు మీద కాగితం అంటించాలి, లేకపోతే ఎవరో పిజ్జా కోసం ఓవెన్ వేడిచేసేస్తారు.

24న మధ్యాహ్నం 1:30కి గుంటూరులో అర్ధరాత్రి 12 అవుతుంది. శీతాకాలంలో తేడా పదిన్నర గంటలు. ఊళ్లో చర్చి గంట మోగే ఆ సమయానికి ఫోన్ టీవీకి కలిపి, 14 మందీ హాల్లో కూర్చుంటే అక్కడి ఆరాధనలో కలిసినట్టే. పెద్దమ్మ పాట అందుకుంటే అక్కడివాళ్లు కూడా వింటారు. నా దృష్టిలో ఇక్కడి క్రిస్మస్‌కు ఆ గంటే ఆయువుపట్టు, వంట దానికి అడ్డు రాకుండా ఒంటిగంటకే భోజనాలు ముగించాలి. స్థానిక చర్చిల్లో సాయంత్రం ఆరాధనకు వెళ్లాలనుకుంటే ముందు ప్రయాణ ఆంక్ష ఉందేమో చూడండి. పొద్దు నాలుగున్నర దాటితే కుంకుతుంది. కాగితపు నక్షత్రం బయట కడితే తడి మంచుకు చిరుగుతుంది, కిటికీ లోపల వేలాడదీస్తే వీధికి కనిపిస్తుంది. ఎల్‌ఈడీ దీపాలు వేడెక్కవు కాబట్టి వాటి మీద పడ్డ మంచు కరగదు, పొదల మీద కాకుండా గుమ్మం చూరు కింద కట్టండి.

తెరిపి ఇస్తే 26న బయటికి. పిల్లలకు ఆర్చర్డ్ పార్క్‌లో చెస్ట్‌నట్ రిడ్జ్ కొండ, జారుడు బండ్లకు పేరుపడింది. నయాగరా అరగంట దూరం. అమెరికా వైపు పార్కు ఏడాదంతా తెరిచే ఉంటుంది, పడవలు మాత్రం తిరగవు. తుంపర గడ్డకట్టి కటకటాలూ దారీ గాజులా ఉంటాయి, బూట్లకు తొడిగే ముళ్ల పట్టీలు లేకుండా పెద్దవాళ్లను అంచు దగ్గరికి తీసుకెళ్లవద్దు. కెనడా వైపు వెళ్లాలంటే విజిటర్ వీసాతో వచ్చిన భారతీయ పాస్‌పోర్టుకు కెనడా వీసా వేరే కావాలి. చీర కట్టేవాళ్లు లోపల థర్మల్ ప్యాంటు, ఉన్ని మేజోళ్లు వేసుకుని అంచు చీలమండ పైకి కట్టాలి. నేలన జీరాడితే తడిసి గడ్డకడుతుంది, కాళ్లకు అడ్డం పడుతుంది. మేజోళ్లు రెండు జతలు బిగుతుగా తొడిగితే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి, ఒక మందపాటి జత చాలు. గాలితో కలిపి చలి మైనస్ 18 ఫారన్‌హీట్‌కు దిగితే అరగంటలో తెరిచిన చర్మం గడ్డకట్టగలదు. పిల్లల చెవులు, ముక్కు తెల్లబడితే రుద్దకుండా లోపలికి తీసుకొచ్చి గోరువెచ్చటి నీళ్లతో వేడిచేయాలి. కారు సీటులో కూర్చోబెట్టేటప్పుడు ఉబ్బు కోటు తీసేసి బెల్టు బిగించి పైన కప్పాలి. కోటు మీద బిగిస్తే దెబ్బ తగిలినప్పుడు దూది అణిగి బెల్టు వదులవుతుంది.

తిరుగు ప్రయాణానికి ముందు టైర్ల గాలి చూసుకోండి. పది ఫారన్‌హీట్ డిగ్రీలు తగ్గితే ఒక పీఎస్‌ఐ తగ్గుతుంది, డల్లాస్ నుంచి కారులో వచ్చినవాళ్లకు అది ఐదారు పీఎస్‌ఐ దాకా ఉంటుంది. అద్దం కడిగే నీళ్లు మైనస్ 20 ఫారన్‌హీట్‌లోనూ గడ్డకట్టనివి పోయించుకోవాలి. పెట్రోలు సగానికి తగ్గనివ్వకూడదు. కారు పైకప్పు మీది మంచు మొత్తం దులపాలి, లేకపోతే బ్రేకు వేయగానే ముందద్దం మీదికి జారుతుంది. దుప్పట్లు, చిన్న పార, ఫోన్ ఛార్జరు డిక్కీలో కాదు, కూర్చునే చోటే ఉండాలి. దారిలో చిక్కుకుపోతే కారు దిగి నడవకండి. ఇంజను గంటకు పది నిమిషాలు వేసుకోండి, వేసే ముందు ప్రతిసారీ పొగగొట్టం చుట్టూ మంచు తీయండి. దారికి కట్టిచ్చే పులిహోర, అరిసెలు ఎక్కడ పెట్టినా పరవాలేదు. పెరుగన్నం మాత్రం కాళ్ల దగ్గర పెట్టుకోవాలి, డిక్కీలో గడ్డకడుతుంది.